పది నిమిషాలు తక్కువ

మా ల్యాబులో ఒక ప్రెషర్ కుక్కర్ ఉంది. ఐదు లీటర్లది. పిడి విరిగితే రాగి తీగ చుట్టి బిగించాం. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చూసి, మధ్యాహ్నం వంట ఇక్కడేనేమో అని సంబరపడతారు. వాళ్ళ సంబరాన్ని నేనెందుకు చెడగొట్టాలి? "ఇవాళ కిడ్నీ, రేపు లివర్" అంటాను. ఆ రోజు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత కూడా తియ్యరు.

నా చదువు మా ఊరి బడిలో ఐదో తరగతితో సరి. ఆరో తరగతికి వాగు దాటి పక్క ఊరు వెళ్ళాలి. వాగులో మొసలి ఉందని మా అమ్మను నమ్మించాను. మోకాటి లోతు వాగు అది. మొసలంటూ ఉంటే దాని వీపు ఎండకి కమిలి చచ్చేది. అయినా మా అమ్మ నమ్మింది. తర్వాత ఈ ఆసుపత్రిలో గాజు సామాను కడిగే పనిలో చేరి, కడుగుతూ కడుగుతూ కత్తి దగ్గరికి వచ్చాను. నలభై ఒక్క ఏళ్ళు. నన్ను రిటైర్ చేశారు గానీ నా చేతుల్ని వదల్లేదు. వారానికి ఐదు రోజులు ఇప్పటికీ వస్తాను.

నా పని చెబుతాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మను యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ, ఉల్లిపొర దీని ముందు దుప్పటి అనిపించేంత పలచగా కోస్తాను. ఆ పొరను గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎక్కిస్తాను. రంగులు వేశాక డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెబుతుంది. పేరు పెట్టేది ఆవిడ, తల దువ్వి ఆవిడ ముందు కూర్చోబెట్టేది నేను.

ఒకసారి ఎంత పలచగా కోశానంటే, ఎవరో ఫ్యాను వెయ్యగానే ఆ పొర లేచి కిటికీలోంచి వెళ్ళిపోయింది. మూడు వీధుల అవతల ఒక పెద్దమనిషి కళ్ళద్దాలకు అతుక్కుంది. ఆయన సాయంత్రందాకా తన భార్యతో సహా అందరినీ ఊదారంగులో చూశాడట. ఆ రోజే ఆవిడ అందంగా ఉందని మొదటిసారి అన్నాడట.

"తాతా, నీ ఉద్యోగమూ కోతలే, నీ కబుర్లూ కోతలే" అంటుంది నా మనవరాలు.

ఆ పిల్లకి పదమూడేళ్ళు. తూనీగ అంటాం. ఒకచోట వాలదు, వాలినా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. నా కూతురు కూతురు. నా కూతురు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అల్లుడు చేపల లారీ నడుపుతాడు. ఐసు కరగకముందే దింపాలి కాబట్టి అతను ఇంటికి వచ్చేది పది రోజులకోసారి. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. తూనీగ నా గదిలోనే చదువుకుంటుంది. చదువుకుంటున్నట్టు కూర్చుంటుంది, అందాం.

చలి మొదలయ్యే రోజుల్లో దాని కుడి ముంజేతిలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. బంతి తగిలిందని అది, బల్ల తగిలిందని నా కూతురు. నేనైతే, "రాయడం తప్పించుకోడానికి లోపల రాయి దాచావే" అన్నాను. నెల తిరిగేసరికి గడ్డ తగ్గలేదు, పెన్ను పట్టుకుంటే నొప్పి పెరిగింది. మా ఆసుపత్రిలోనే సూదితో ముక్క తీశారు. మూడు ముక్కలు, ఒక్కోటి గోరు పొడుగున దారప్పోగులా. ఒక చిన్న డబ్బాలో, ముక్క కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ నీళ్ళలో మునిగి, నా బల్ల మీదికే వచ్చాయి. డబ్బా మీద నంబరు ఉంది. ఆ నంబరు నాకు తెలుసు.

మా ల్యాబులో ఒక కట్టుబాటుంది. సొంతవాళ్ళ ముక్కను ఎవరూ ముట్టుకోకూడదు. చెయ్యి వణుకుతుందని, మనసు దారి తప్పుతుందని. అది గోడ మీద రాసి లేదు. నేనే పాతికేళ్ళ కింద పెట్టాను.

"పెద్దాయనా, ఇది సీసాలావిడకి ఇవ్వండి" అంది డాక్టరమ్మ.

సీసాలావిడ అంటే మా ఫ్రిజ్‌లో మందు సీసాలకు కాపలా ఉండే మనిషి. రంగులు వెయ్యడం ఆవిడ పని, ఉడికించడం ఇద్దరిదీ. నన్ను అన్నయ్యా అంటుంది. రంగుల్లో ఆవిడ చెయ్యి బంగారం, కోతలో మాత్రం కొబ్బరి చెక్క గీరినట్టుంటుంది.

"ఆవిడ కోస్తే సగం దిమ్మ చెత్తబుట్టలోకి పోతుంది డాక్టరమ్మా. ఉన్నవే మూడు పోగులు. అదీకాక రెండు రకాల పరీక్షలు చెయ్యాలి."

"మీ చేతులు వణికితే?"

"ఇవి నా మాట ఎప్పుడు విన్నాయి? వాటి పని అవి చేసుకుపోతాయి."

ఆవిడ నవ్వింది. ఆవిడ విద్యార్థిగా వచ్చిన రోజు మొదటి స్లైడు చూపించింది నేను. ఇప్పుడు తల నెరిసింది. నన్ను కాదనడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

మామూలు రంగుల్లో చూశాక తేలింది ఇది: కండలో పుట్టే కేన్సరు. అందులో అనుమానం లేదు. అయితే ఈ జబ్బులో రెండు రకాలున్నాయి. పుస్తకాల్లో వాటికి చాంతాడంత పేర్లు. ల్యాబులో మేము మెత్తది, మొండిది అంటాం. మెత్తది మందుకు లొంగుతుంది. తొందరగా పట్టుకుంటే పదిమంది పిల్లల్లో ఏడెనిమిది మంది గట్టెక్కుతారు. మొండిది లొంగినట్టు నటించి మళ్ళీ లేస్తుంది. మెత్తదానికి ఇచ్చే మందుల వరస వేరు, మొండిదానికి వేరు. మొండిదానికి మొదటి రోజు నుంచే ఘాటుగా కొట్టాలి, ఆలస్యం పనికిరాదు. చిక్కేమిటంటే, ముక్క చిన్నదై, కణాలు కిక్కిరిసి ఉంటే మామూలు రంగుల్లో రెండూ కవలపిల్లలే. ఎటు చూసినా నీలం గింజలు కుప్పపోసినట్టు ఉంటాయి.

"చేతిలో రావడం నాకు నచ్చలేదు. చేతుల్లో, కాళ్ళల్లో మొండిదే ఎక్కువ" అంది డాక్టరమ్మ. "ప్రోటీన్ గుర్తులు చూస్తేగానీ చెప్పలేను. జన్యు పరీక్షకు కూడా పంపుదాం, కానీ అది దూరం వెళ్ళి రావడానికి ఆరేడు వారాలు. అంతవరకూ పిల్లను ఊరికే ఉంచలేం. మన సీసాలు ఏం చెబితే దాన్నిబట్టి మందు మొదలుపెడతారు."

ఈ సీసాల సంగతి విచిత్రంగా ఉంటుంది. ఒక్కో సీసాలో మందు ఒక్క ప్రోటీన్‌నే వెతుక్కుంటూ పోతుంది. పోలీసు కుక్క లాగా, దానికి ఒక్క వాసనే తెలుసు. దొరికితే పట్టుకుని వదలదు. తర్వాత మేం రంగు పోస్తే, పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. మాకు కావలసినవి రెండు. మొదటిది మయోజెనిన్ అనే ప్రోటీన్. మెత్తదాంట్లో అక్కడొక గింజ, ఇక్కడొక గింజ మాత్రమే గోధుమరంగు పడుతుంది. మొండిదాంట్లో ఇంచుమించు ప్రతి గింజా పడుతుంది. రెండోది మొండిదాంట్లోనే కనబడే ఇంకో ప్రోటీన్. మెత్తదాంట్లో దాని జాడ ఉండదు.

అయితే ఫార్మలిన్‌లో నానిన ముక్కలో ప్రోటీన్లన్నీ ముడుచుకుని, తలుపులు బిగించుకుని కూర్చుంటాయి. కుక్క వచ్చి తట్టినా తియ్యవు. అందుకే కుక్కర్. స్లైడ్లను ఉప్పునీళ్ళలాంటి ఒక ద్రావణంలో పెట్టి, ఆవిరి పట్టాక ఇరవై నిమిషాలు ఉడికించాలి. అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. పక్కనే, జబ్బు ఖాయంగా తెలిసిన పాత రోగి ముక్క ఒకటి ఇంకో స్లైడు మీద పెట్టి ఉడికిస్తాం. దాన్ని సాక్షి అంటాం. సాక్షికి రంగు పట్టిందంటే సీసా మంచిదే, ఉడుకూ సరిపోయిందన్న లెక్క.

ఆ రోజు నేను కోసినంత పలచగా జీవితంలో కొయ్యలేదు. ఇది కోత కాదు. తూనీగవి రెండు స్లైడ్లు, సాక్షివి రెండు, నాలుగూ స్టాండులో నిలబెట్టి కుక్కర్లో దించాను. సీసాలావిడ స్టోరుకి సామాను తెచ్చుకోడానికి వెళ్ళింది. స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాను.

సూదిముక్కలు గట్టిగా ఉడికితే గాజు మీంచి ఊడి నీళ్ళలో కొట్టుకుపోతాయి. అది నేను వందసార్లు చూశాను. కొట్టుకుపోతే మళ్ళీ కోస్తాం. కానీ లోపల కుతకుతమంటున్నది ఆ పిల్ల చెయ్యి. చెయ్యి కాదని నాకు తెలుసు. మైనం కరిగిపోయిన ఒక పొర, అంతే. అయినా పది నిమిషాలకి లేచి ఆవిరి వదిలి మూత తీశాను. తూనీగ ముక్క ఒక అంచు గాజు మీంచి కాస్త లేచి, పిలుస్తున్నట్టు ఆడుతోంది. తన రెండు స్లైడ్లూ పట్టకారుతో తీసి చల్లటి నీళ్ళలో పెట్టేశాను. సాక్షి స్లైడ్లను అక్కడే ఉంచి, మూత పెట్టి, మిగతా పది నిమిషాలూ ఉడికించాను.

రిజిస్టర్లో నాలుగింటికీ ఇరవై అని రాశాను. రాసిన సంగతి కూడా నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళుగా ఆ గడిలో నా చెయ్యి ఇంకో అంకె వెయ్యలేదు.

మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచింది. ఆవిడ మైక్రోస్కోపుకి ఎదురెదురుగా రెండు జతల కళ్ళున్నాయి, ఇద్దరం ఒకేసారి చూడొచ్చు.

"చూడండి. మయోజెనిన్ అక్కడక్కడే. పదింటికి ఒకటో రెండో గింజలు. రెండో సీసా అయితే అసలు ఏమీ లేదు. సాక్షి చూశాను, రెండిట్లోనూ ముదురుగా పట్టింది. మందులో లోపం లేదు."

"అంటే?"

"మెత్తదాని వైపే పెద్దాయనా. చేతిలో రావడం ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు గానీ, గుర్తులు చెబుతున్నాయి కదా." స్లైడు కొంచెం జరిపి, "పట్టిన గింజలు కూడా కొంచెం వెలిసినట్టున్నాయేం?" అంది.

"మా ఇంటి పిల్ల కదమ్మా. సిగ్గెక్కువ. ఒక్కసారే బయటపడదు."

ఆవిడ నవ్వి సంతకం పెట్టింది.

వార్డు బయట వరండాలో నా కూతురు నిలబడి ఉంది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది, చీర కొంగు మీద తెల్లదారాలు అంటుకుని ఉన్నాయి. నన్ను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. చిన్నప్పుడు మార్కుల కాగితం దాచినప్పుడు అలాగే నిలబడేది.

"మెత్తది" అన్నాను.

"అంటే ఏంటి నాన్నా?"

"అంటే ఏంటా? మీ అమ్మాయి ఒంట్లో దూరిన దొంగ తెలివితక్కువవాడు. తలుపు గడియ తియ్యడం కూడా రాదు. ఆరు నెలలు మందు పడితే వాడే తన చెప్పులు వదిలేసి పారిపోతాడు."

"సరిగా చెప్పు నాన్నా. ఆటలాడకు."

"పదిమందిలో ఎనిమిదిమంది లేచి తిరుగుతారమ్మా. నా చేత్తో కోశాను, నా కళ్ళతో చూశాను."

కూర్చోడానికి బల్ల పక్కనే ఉన్నా అది గోడకి జారబడి నేలమీద కూర్చుంది. కొంగుమీది దారాలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. "ఆయనకి ఫోన్ చేస్తాను. లారీ నడుపుతుంటే వద్దులే. ఆగినప్పుడు చేస్తాను" అంది.

తూనీగకు మెత్తదాని మందులు ఎక్కించడం మొదలైంది. ఆ వారం అది వాంతులు చేసుకుంది, నర్సుల్ని వెక్కిరించింది. తనకి జుట్టు ఊడితే నాకు గుండు చేయించాలని పందెం కట్టింది.

"నాకు ఊడేందుకేముందే? చెవుల్లో ఉన్నవే కదా."

"వాటికే గుండు తాతా."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ల్యాబులో కరెంటు పోయింది. కుక్కర్లో వేరే ఎవరివో స్లైడ్లు ఉన్నాయి. కరెంటు వచ్చేసరికి ఆవిరి చల్లారిపోయింది. సీసాలావిడ విసుక్కుంటూ వాటికి అలాగే రంగు వేసి డాక్టరమ్మ ముందు పెట్టింది. ఆవిడ ఒక్క చూపు చూసి, "సగం ఉడికింది, మచ్చలు మచ్చలుగా వచ్చింది. పారేసి మళ్ళీ చెయ్యమ్మా" అంది.

పారెయ్యడానికి ఆ స్లైడు నా చేతికిచ్చింది సీసాలావిడ. ఎందుకు చూశానో తెలీదు, ఖాళీగా ఉన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అక్కడొక గింజ, ఇక్కడొక గింజ. వెలిసిన గోధుమరంగు.

"అన్నయ్యా, పొద్దున టిఫిన్ చేశారా? మొహం అలా పాలిపోయిందేం?"

"చేశానమ్మా."

చెయ్యలేదు.

ఆ మర్నాడు అలమర్లోంచి పాత దిమ్మ ఒకటి తీశాను. ఆరేళ్ళ కిందటిది. మొండిదని ఏ అనుమానమూ లేకుండా తేలినది. ఆ పిల్లవాడు ఎప్పుడో పోయాడు. రెండు పొరలు కోశాను. ఒకటి ఇరవై నిమిషాలు, ఒకటి పది. రెండిటికీ ఒకే సీసా, ఒకే రంగు. పని ముగిసేసరికి సాయంత్రం నాలుగైంది. మైక్రోస్కోపు దాకా వెళ్ళకుండానే రెండూ పక్కపక్కన పట్టుకుని కిటికీ వెలుగులో పెట్టాను. ఇరవై నిమిషాలది ఇటుకపొడి చల్లినట్టు నిండుగా ఉంది. పది నిమిషాలది తుడిచేసినట్టుంది. తర్వాత మైక్రోస్కోపులోనూ చూశాను. పది నిమిషాల స్లైడు చూపించి ఎవరినైనా అడిగితే, మెత్తదే అంటారు. నేనూ అంటాను.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. జన్యు పరీక్ష వచ్చేదాకా నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పరీక్ష వచ్చాక, సీసాలు ఒక్కోసారి తప్పు చెబుతాయిలే అంటారు. నన్నెవరూ వేలెత్తి చూపరు. ఐదు వారాలు. అంతే కదా. ఆ ఐదు వారాలూ నా కూతురు కాలర్లు కుట్టుకుంటూ హాయిగా ఉంటుంది. దానికి ఇంకో పక్క ఉంది. ఐదు వారాలూ తూనీగ చేతిలోకి చాలని మందు దిగుతుంది. మొండిది ఆ ఐదు వారాలూ కూర్చుని నా కోసం ఎదురుచూడదు.

లేచి డాక్టరమ్మ గదికి వెళ్ళాను. రెండు స్లైడ్లూ బల్ల మీద పెట్టాను.

"ఏంటివి?"

"ఒకే పాత దిమ్మవి, మొండిదే. ఎడమది పది నిమిషాలు ఉడికింది. మా పిల్లదీ అంతే ఉడికింది."

ఆవిడకి అర్థంకావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ వెనక్కి జరిగింది.

"సాక్షి స్లైడు?"

"అది ఇరవై నిమిషాలూ ఉడికింది. దాన్ని కుక్కర్లోనే ఉంచి, తూనీగవి మాత్రం బయటికి తీశాను."

"రిజిస్టర్లో ఇరవై అని ఉంది."

"నేనే రాశాను."

"మీరు కోసిన స్లైడని చూసి..." ఆవిడ ఎడమ స్లైడు చేతిలోకి తీసుకుంది. "నాకు అనుమానం వచ్చింది పెద్దాయనా. వెలిసినట్టుందని అడిగాను కూడా. మీరు జోకేశారు. నేను నవ్వాను. నవ్వి సంతకం పెట్టాను."

"మీ తప్పేం లేదమ్మా."

"ఉంది. మాట్లాడకండి." ఫోను అందుకుంది. "దిమ్మలో ఇంకా ఎంత మిగిలుంది?"

"మూడు నాలుగు పొరలు రావచ్చు. పలచగా కోస్తే."

"మీరు కొయ్యరు."

సీసాలావిడ కోసింది. నేను గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. మొదటి పొర నలిగిపోయింది. రెండోది అడ్డంగా చిరిగింది. ఆవిడ నావైపు చూడకుండా, "అన్నయ్యా, చక్రం ఎంత నెమ్మదిగా తిప్పాలి?" అంది.

"ఊపిరి బయటికి వదిలేటప్పుడు తిప్పమ్మా. పీల్చేటప్పుడు ఆపు."

మూడోది, నాలుగోది వచ్చాయి. ఆ తర్వాత కత్తికి ఉత్త మైనమే తగిలింది.

సాక్షి ముక్కను ఈసారి అదే గాజు మీద, తూనీగ ముక్క పక్కనే ఎక్కించారు. ఇకమీదట ప్రతి స్లైడుకీ అలాగే చెయ్యాలని డాక్టరమ్మ గోడ మీద రాయించింది. ఇరవై నిమిషాలూ ఉడికాయి. ఎవరూ మూత తియ్యలేదు. తీసి చూసేసరికి, నేను భయపడ్డట్టే, తూనీగ ముక్కలో సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం మీద సీసాలావిడ మందు పోసింది, కడిగింది, రంగు వేసింది.

రెండు జతల కళ్ళున్న మైక్రోస్కోపు దగ్గర డాక్టరమ్మ నన్ను కూర్చోమనలేదు. వద్దనలేదు కూడా. కూర్చున్నాను. గింజలన్నీ గోధుమరంగే. ఆవిడ స్లైడు జరుపుతుంటే, రంగు పట్టని నీలం గింజ కోసం వెతికాను. ఒకటి దొరికింది. అది తెల్ల రక్తకణం. రెండో సీసా స్లైడూ అంతే. జాడ ఉండకూడనిది ప్రతిచోటా ఉంది.

"మొండిదే" అంది ఆవిడ.

ఆ వారంలోనే ఒళ్ళంతా స్కాన్ తీశారు, తుంటి ఎముకలోంచి మూలుగ కూడా తీశారు. ఆ స్లైడ్లు సీసాలావిడ చేసింది. ఊపిరితిత్తుల్లో మూడు మచ్చలు. మూలుగలో అవే గింజలు. నేను మందు డాక్టరుని పట్టుకుని, పదిమందిలో ఎందరు అని అడిగాను. ఆయన కుర్రవాడు, అంకె చెప్పడం ఇష్టం లేక పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు.

"ఒకరుండొచ్చండి" అన్నాడు. "ఉండొచ్చు."

"ఆ పది రోజులు ముందే గట్టి మందు పడి ఉంటే?"

"చెప్పలేం. అప్పటికే పాకి ఉండొచ్చు."

అది ఆయన దయ. దాని మీద ఒరిగి నిలబడదామని చూశాను. నిలబడనివ్వలేదు అది.

డాక్టరమ్మ నా కూతురికి తనే చెబుతానంది. నేను వద్దన్నాను. మెత్తదని చెప్పిన నోరే ఇది కూడా చెప్పాలి. వరండా చివర మంచినీళ్ళ పంపు దగ్గర చెప్పాను. దొంగలూ గడియలూ ఏమీ పెట్టకుండా, కుక్కరు, పది నిమిషాలు, రిజిస్టరు, స్కాను, అన్నీ వరసగా చెప్పాను. అలా చెప్పడం నాకు అలవాటు లేదు, మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. నా కూతురు సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. సీసా నిండి పొర్లుతున్నా పంపు కట్టలేదు. నేనే కట్టాను.

"అంటే ఎనిమిదిమంది కాదా?"

"కాదమ్మా."

"ఎందరు?"

చెప్పాను.

అది నావైపు తిరగలేదు. "అది ఊడిపోతుందని తీశావా?"

"ఆ."

"ఊడిపోతే ఏమయ్యేది?"

"మళ్ళీ కోసేవాళ్ళం."

"మళ్ళీ కోసేవాళ్ళా? అంతేనా?"

"అంతే."

సీసా మూత తిప్పడం మొదలుపెట్టింది. మూత అడ్డంగా పడింది. తీసి మళ్ళీ తిప్పింది. "ఆయనకి ఎనిమిది అని చెప్పాను నాన్నా. లారీ పక్కకి ఆపించి మరీ చెప్పాను. రోడ్డు మీద ఏడ్చాడట, పక్కన చాయ్ తాగేవాళ్ళందరూ చూస్తుంటే."

నేను పంపు ఇంకోసారి బిగించాను.

"దానికి నువ్వు చెప్పకు. నువ్వేం చెప్పినా నమ్ముతుంది అది. మందు మార్చారని నేనే చెప్పుకుంటాను."

"సరే అమ్మా."

నాలుగడుగులు వేసి ఆగింది.

"నాన్నా. ఇన్నేళ్ళలో ఇంకెవరిదైనా ఇలా ముందే తీశావా?"

"లేదమ్మా."

"ఒక్కరిది కూడా?"

"ఒక్కరిది కూడా తియ్యలేదు. అందరివీ ఇరవై నిమిషాలూ ఉడికించాను."

తల ఊపింది. అర్థమైందని ఊపిందో, ఇక చాలని ఊపిందో నాకు తెలియలేదు. వార్డులోకి వెళ్ళిపోయింది. నేను వెనకే గుమ్మందాకా నడిచాను. లోపల నర్సు పాత మందుసంచి దించి, కొత్తది తగిలించి, చుక్కల వేగం సరిచేస్తోంది. ఈ సంచి పాతదానికంటే పెద్దది, వెలుగు తగలకుండా దానికి నల్లకాగితం చుట్టి ఉంది. తూనీగ కళ్ళు మూసుకుని ఉంది, ఎడంచేత్తో దుప్పటి అంచుని మడతపెట్టి విప్పుతోంది. మంచం పక్కన రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో నా కూతురు కూర్చుంది. రెండోదాని మీద తన సంచి పెట్టింది. తీస్తుందేమోనని నేను గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను.